ఏడు కౌంటర్లు, ఒక బండి

నల్లకోటు కాలరుకి ఆవిరి పట్టిస్తుండగా పెద్దమ్మాయికి తన మాటలే తనకి వినిపించాయి. చెక్కగోడకి అవతలి గదిలో తమ్ముడు వాటిని పాఠంలా పైకి అప్పజెప్పుతున్నాడు.

"ఐదేళ్ళ తర్వాత మా లాండ్రీకి ఏడు కౌంటర్లు ఉంటాయి. ఉతికేది మాత్రం ఒక్కచోటే. కౌంటరుకి పెద్ద షాపు అక్కర్లేదు, తలుపంత వెడల్పు చాలు. బట్టలు తీసుకోవడం, బట్టలు ఇవ్వడం, అంతే. ఒక్కో కౌంటరుకి ఒక్కో రంగు చీటీ. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి బండి తిరుగుతుంది."

తలుపంత వెడల్పు అన్నది అచ్చంగా ఆమె మాట. కిందటి వానల్లో కర్టెన్లు ఆరక గదినిండా తాళ్ళు కట్టిన రోజున, వాడు కంచం ఒళ్ళో పెట్టుకుని అన్నం తింటుంటే, ఆ తడి కర్టెన్ల మధ్య నిలబడి చెప్పింది. అప్పుడు వాడు ఫోన్లోంచి తల కూడా ఎత్తలేదు. వింటూనే ఉన్నాడని ఇప్పుడు తెలిసింది.

ఇస్త్రీపెట్టె ఒక్క క్షణం ఉన్నచోటే ఉండిపోయింది. ఉలిక్కిపడి తీసేసి, తడిబట్ట వేసి అద్దింది. నల్లకోటుకి ఒకసారి వేడికి మెరుపు తేలిందంటే కోటుగల మనిషి చచ్చేదాకా ఆ సంగతి మర్చిపోడు.

తమ్ముడు ఫోన్లు అమ్మే షోరూములో పనిచేస్తాడు. బయటిదేశంలో బిజినెస్ మాస్టర్స్ చేస్తానని చాలాకాలంగా ఒక కన్సల్టెన్సీ చుట్టూ తిరుగుతున్నాడు. శుక్రవారం వీడియోలో ఇంటర్వ్యూ. ముందు తెలుగులో నోరు తిరిగితే ఆ తర్వాత ఇంగ్లీషులో అదే తిరుగుతుందని కన్సల్టెన్సీ మేడమ్ చెప్పిందట, అందుకని పొద్దున్నుంచీ ఈ పారాయణం. ఇల్లంటే లాండ్రీ వెనక గదులే కాబట్టి షాపులో ఉన్నవాళ్ళందరూ వినక తప్పదు.

పక్క బల్ల దగ్గర హోటలు దుప్పటి కొసలు పట్టుకున్న నాన్న చేతులు గాల్లోనే ఆగిపోయాయి. దుప్పటి మడతకి ఇద్దరు కావాలి. రెండో వైపున్న అమ్మ, "లాగండి మరి," అంది.

"వాడు చెప్తోంది మన షాపు గురించేనా?" అన్నాడు నాన్న.

"ఇంటర్వ్యూకి ప్రాక్టీసు నాన్నా," అంది పెద్దమ్మాయి.

"ప్రాక్టీసే అనుకో. మన షాపు గురించేగా."

నాన్న దుప్పటి లాగాడు. ఎప్పుడూ లేనంత హుషారుగా లాగాడేమో, అమ్మ ఒక అడుగు ముందుకి తూలింది.

ఆ మాటలు నావి అని అప్పుడే అనేస్తే పోయేది. అనలేదు. వాడే చెప్తాడులే అనుకుంది. బయటికొచ్చి, "ఇది అక్క చెప్పింది నాన్నా," అని ఒక్క ముక్క అంటాడని కాచుకుని, కోటుని అవసరం లేకపోయినా రెండుసార్లు దులిపి హ్యాంగరుకి తగిలించింది. వాడు బయటికొచ్చాడు.

"అక్కా, నా నీలం చొక్కా ఇస్త్రీ అయిందా?" అన్నాడు.

మధ్యాహ్నం డాబా మీద దుప్పట్లు ఆరేస్తుంటే వాడే వెతుక్కుంటూ వచ్చాడు, చార్జరు కనబడలేదని. ఆమె క్లిప్పులు పళ్ళ మధ్య పెట్టుకుని ఉంది. తీసి చేతిలో పట్టుకుంది.

"అది నాది కదరా."

"ఏది? చార్జరా?"

"ఏడు కౌంటర్లు."

"ఓ, అదా. నీదే. కాదని ఎవరన్నారు?" వాడు దుప్పటి నీడలోకి జరిగి నిలబడ్డాడు. "నేను మార్కెటింగ్ చదువుతానన్నా అక్కా. నా మార్కులకి మార్కెటింగ్ రాదంది మేడమ్. మీ నాన్నగారు ఏం చేస్తారంది. లాండ్రీ అన్నా. అప్పుడు చూడాలి ఆవిడ మొహం, లైటు వేసినట్టు వెలిగింది. ఫ్యామిలీ బిజినెస్ అని ఒక కోర్సుందట, దాన్లో సీట్లు మిగిలున్నాయట. దానికి తగ్గ గోల్ కావాలంది. అప్పటికప్పుడు నాకేం తడుతుంది చెప్పు. నువ్వు చెప్పింది గుర్తొచ్చింది."

"చదివొచ్చి లాండ్రీ నడుపుతావా?"

"నేనెందుకు నడుపుతాను? సబ్బు పొడి వాసనకే నాకు తుమ్ములు." నిజంగానే తుమ్మాడు. "ఇంటర్వ్యూ వరకే అక్కా ఈ గోల్. తర్వాత ఎవరూ అడగరు. అందరూ ఇంతే చేస్తారు."

వాడి మీద కోపం తెచ్చుకోవడం ఎప్పుడూ కష్టమే. దొంగతనం చేశానని వాడికి తెలియనే తెలియదు. తాళ్ళమీద ఉన్న క్లిప్పు తీసుకున్నంత సులువుగా తీసుకున్నాడు. అయినా ఆమెకి ఒళ్ళు మండుతూనే ఉంది, మండటం ఒక్కటే అయితే బాగుండేది. ఆ మాటలు వాడి నోట బాగున్నాయి. తను చెప్పినప్పుడు అవి కబుర్లు. ఒకసారి నాన్నతో చెప్పబోతే, "ముందా హోటలు దుప్పట్ల సంగతి చూడు," అన్నాడు. అవే మాటలు వాడు గొంతు సవరించుకుని చెప్తే గోల్ అయ్యాయి. గోడకి ఇవతల నిలబడి వింటుంటే మొట్టమొదటిసారి ఆమెకి కూడా అది జరిగే పనిలా అనిపించింది. అదీ ఉక్రోషం.

సాయంత్రానికి సంగతి ఇంకోలా తిరిగింది. పక్కనున్న కళ్ళజోళ్ళ షాపతను, మధ్యగోడ కొట్టించి రెండు షాపులూ కలిపేసుకుంటానని ఎప్పట్నుంచో అడుగుతున్నాడు. నాన్న మణికట్టు ఇస్త్రీపెట్టె బరువుని మోయనంటోంది. ఈ ఏడాదితో ఆపేసి అతనికి ఇచ్చేద్దామని ఇంట్లో అనుకున్నదే. నాన్న చొక్కా మార్చుకుని వెళ్ళి, నాలుగు నిమిషాల్లో తిరిగొచ్చాడు.

అమ్మ కౌంటరు దగ్గర నుంచి లేచి లోపలికొచ్చింది. "మీ నాన్న ఇవ్వనని చెప్పొచ్చేశాడే," అంది గొంతు తగ్గించి. "మావాడు ఏడు పెడతానంటుంటే ఉన్న ఒక్కటీ ఎలా ఇస్తానండీ అన్నాడట. ఆ కళ్ళజోళ్ళాయన మొహం మాడిపోయిందట. మురిసిపోతున్నాడు ఈయన." కాస్త ఆగి, "నువ్వేం మాట్లాడవేంటే," అంది.

"ఏం మాట్లాడను?"

షాపు పోతుందని లోలోపల కుమిలిపోయింది తనే. అది పోలేదు. తను నిజంగా అనుకుని చెప్పిన నాడు నిలబడనిది, వాడు ఉత్తుత్తిగా అంటే నిలబడింది. సంతోషించాలో తల గోడకేసి కొట్టుకోవాలో తేల్చుకోలేక, ఉతికిన తువ్వాళ్ళనే మళ్ళీ మిషన్లో వేసింది.

మర్నాడంతా కాలుగాలిన పిల్లిలా తిరిగింది. ఒక పాంటుకి రెండు మడతగీతలు పడ్డాయి. ఆసుపత్రి కోట్లకి పెట్టాల్సిన చీటీలు కర్టెన్లకి పెట్టి, అమ్మ చూసి అరిచాక పిన్నీసులన్నీ విప్పుకుంటూ కూర్చుంది. నాన్న మాత్రం వచ్చినవాళ్ళందరి దగ్గరా డప్పు కొట్టుకుంటున్నాడు. "మా అబ్బాయి ఆలోచన అండీ. ఒక్కో కౌంటరుకి ఒక్కో రంగు," అంటున్నాడు. రంగుల సంగతి చెప్పేటప్పుడు వేళ్ళు విప్పి మరీ చెప్తున్నాడు. ఆ వేళ్ళు చూడలేక ఆమె ఆసుపత్రి కోట్ల మూట ఎత్తుకుంది. "ఇచ్చేసి వస్తా," అంది. కోట్లు ఇచ్చేశాక ఇంటికి రాకుండా కన్సల్టెన్సీ మెట్లెక్కింది.

గొడవ పడదామనే ఎక్కింది. పైన కుర్చీల్లో పదిమంది దాకా పిల్లలు కూర్చుని ఉన్నారు. ఎవరికి వాళ్ళు గోడకేసి చూస్తూ పెదాలు కదుపుతున్నారు. పక్కనున్న అమ్మాయి, "ఐదేళ్ళ తర్వాత నేను," అని మొదలుపెట్టి, నాలుక్కరుచుకుని, మళ్ళీ మొదటికొస్తోంది. ఇంతమందికి ఐదేళ్ళ తర్వాత సంగతి కంఠతా వచ్చు. తనకి రేపు ఉతకాల్సిన బట్టలు తప్ప ఏమీ రావు. గొడవ పడాలన్న పట్టు అక్కడే కాస్త జారింది.

మేడమ్ తల ఎత్తకుండానే అడిగింది. "ఏ కోర్సు? గోల్ ఏంటి?"

మా తమ్ముడి విషయం మాట్లాడాలి అనబోయి, "మా లాండ్రీకి ఏడు కౌంటర్లు పెట్టాలి," అంది పెద్దమ్మాయి. అలా అంటానని తనే అనుకోలేదు. "ఉతికేది ఒక్కచోటే. కౌంటర్లు తలుపంత వెడల్పు."

కీబోర్డు మీద మేడమ్ వేళ్ళు ఆగాయి. "ఇది విన్నానే." అప్పుడు తలెత్తి చూసింది. "నీలం చొక్కా అబ్బాయి వాళ్ళ అక్కా మీరు? ఈ గోల్ అతనిది కదండీ."

"నాది. వాడికి నేనే చెప్పాను."

"అయ్యుండొచ్చు. కానీ అతని పేరున వెళ్ళిపోయింది కదా. ఒకే ఇంట్లోంచి ఇద్దరు ఒకే గోల్ చెప్తే ఇద్దర్నీ అనుమానిస్తారు. మా దగ్గర ఒక గోల్ ఒక్కరికే ఇస్తాం." ఖాళీ లేని గది గురించి చెప్పినంత మర్యాదగా చెప్పింది. "మీకు హెచ్ఆర్ బాగుంటుంది. మనుషులతో పని, ఆడవాళ్ళకి ఓపిక ఎక్కువ. గోల్ గురించి దిగులు పడకండి, నేను రాసిస్తాను."

"ఓపిక లేకే వచ్చానండి."

మేడమ్ నవ్వింది. నవ్వితే చెడ్డమనిషిలా లేదు. బల్ల మీదున్న కోర్సుల పుస్తకాన్ని ముందుకి తోసింది. పెద్దమ్మాయి దాన్ని బట్టల మూటలోంచి చొక్కాలు ఏరినట్టు పేజీ పేజీ తిప్పింది. పెద్ద అక్షరాల కోర్సు పేర్లు వదిలేసి కింద చిన్నగా ఉన్న సబ్జెక్టులు చదివింది.

"బండి ఏ దారిలో తిరగాలి, ఎన్నిసార్లు తిరగాలి, ఒకచోట పని పేరుకుపోకుండా ఏం చెయ్యాలి, ఇవి చెప్పే కోర్సేది?"

"అది ఆపరేషన్స్. అమ్మాయిలు పెద్దగా తీసుకోరండి. గోడౌన్లు, ఫ్యాక్టరీలు, లెక్కలు."

"మా తమ్ముడి కోర్సులో ఇవి చెప్పరా?"

"ఫ్యామిలీ బిజినెస్‌లోనా? అందులో అన్నదమ్ముల వాటాలు, తండ్రి తర్వాత ఎవరు, అలాంటివి ఎక్కువ."

"అయితే ఆ గోల్‌కి ఆ కోర్సు సరిపోదు మేడమ్."

"గోల్‌కి కోర్సు కాదండీ," అంది మేడమ్ ఓర్పుగా. "కోర్సుకి గోల్ సరిపోతే చాలు."

పెద్దమ్మాయి పుస్తకం మూసింది. ఇన్నేళ్ళలో ఎవరితోనూ ఇలా తేల్చి చెప్పలేదు. "నేను ఆపరేషన్స్‌కే పెడతాను. వాడు పెట్టిన కాలేజీ వద్దు, ఇంకోటి చూడండి. గోల్ మాత్రం అదే."

"ఇంటర్వ్యూలో మీ తమ్ముడి మాట వస్తే?"

"వస్తే ఉన్నదే చెప్తాను."

మేడమ్ ఇంకో అప్లికేషను తెరిచింది. పెద్దమ్మాయి మెట్లు దిగింది. ఇంట్లో చెప్పాలి. తను లేకపోతే ఆ షాపు ఒక్క వారం నడవదని ఆమెకి తెలుసు, వాళ్ళకి మాత్రం అది తెలియదు. ఆ రోజూ చెప్పలేదు, మర్నాడూ చెప్పలేదు. నోటిదాకా రావడం, ఎవరో బట్టల సంచితో రావడం.

శుక్రవారం పది గంటలకల్లా మిషన్లన్నీ ఆపేశారు. బాయిలరు ఆపేశారు. అంత నిశ్శబ్దంగా ఆ షాపుని వాళ్ళెవరూ చూడలేదు. నాన్న షట్టరు సగం దించి, వచ్చినవాళ్ళని వేలితో పెదాలు మూసుకుని సైగ చేసి వెనక్కి పంపుతున్నాడు. ఇస్త్రీ చేసిన చొక్కాలు వరసగా తగిలించిన కమ్మీ ముందు తమ్ముడిని కూర్చోబెట్టమన్నది మేడమ్ సలహా. చూడగానే ఫ్యామిలీ బిజినెస్ అనిపించాలట.

చెక్కగోడకి ఇవతల ముగ్గురూ మూడు స్టూళ్ళ మీద కూర్చున్నారు. నాన్నకి ఇంగ్లీషు అంతంత మాత్రం. లాండ్రీ అన్నప్పుడూ, సెవెన్ అన్నప్పుడూ తల ఊపుతున్నాడు. పెద్దమ్మాయికి మొత్తం అర్థమవుతోంది. వాడు బాగా చెప్తున్నాడు. ఫోన్లు అమ్మినట్టే చెప్తున్నాడు. వాడు మార్కెటింగ్‌లోకి వెళ్ళాల్సినవాడే, అందులో అనుమానం లేదు.

ముప్పావుగంటకి తలుపు తీసుకుని చెమటతో బయటికొచ్చాడు. అమ్మ మంచినీళ్ళు ఇచ్చింది.

"బాగా అయింది," అన్నాడు గ్లాసు దించి. "ఒక్క ప్రశ్న దగ్గర తడబడ్డా నాన్నా. నువ్వు రెండేళ్ళు ఇక్కడుంటే అక్కడ షాపు ఎవరు చూస్తారు అంది ఇంటర్వ్యూ చేసినావిడ. అక్క ఉంది, అక్క ఎక్కడికీ వెళ్ళదు అన్నా. బాగా నచ్చింది ఆవిడకి."

"నేను వెళ్తున్నా," అంది పెద్దమ్మాయి.

రెండురోజులుగా నోటిదాకా వచ్చి ఆగిన మాట అంత చిన్నదా అని ఆమెకే ఆశ్చర్యమేసింది.

"ఎక్కడికే, ఆసుపత్రి కోట్లు రేపు కదా," అంది అమ్మ.

"చదువుకోవడానికి. అప్లికేషన్ పెట్టాను. సీటొస్తే వెళ్తాను. రాకపోతే మళ్ళీ పెడతాను."

ముందుగా తేరుకున్నది తమ్ముడే. "అక్కా, ఇప్పుడే ఆవిడకి మాటిచ్చి వచ్చాను."

"నన్నడక్కుండా నా మాట నువ్వెలా ఇస్తావురా?"

నాన్న కోప్పడతాడని ఆమె అనుకుంది. కోప్పడితే ఏం చెప్పాలో రెండురోజులుగా కూడగట్టుకుంటోంది. నాన్న కోప్పడలేదు. ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఏ బట్ట ముందు ఉతకాలో తేల్చుకునేటప్పుడు అలాగే చూస్తాడు.

"ఇద్దరూ ఒకేసారి వెళ్తే కుదరదు," అన్నాడు చివరికి. "అమ్మాయి వెళ్ళనీ. నువ్వుండు."

"నేనా?" అన్నాడు తమ్ముడు.

"ఏడుచోట్ల పెట్టేవాడికి ముందు ఒకచోట సంగతి తెలియాలి కదరా. రెండేళ్ళు నా పక్కన నిలబడు. బాయిలరు, మరకలు, ఏ గుడ్డకి ఎంత వేడి, అన్నీ చెప్తాను. అది చదువుకొస్తుంది, నువ్వు పని నేర్చుకుంటావు. ఆ తర్వాత ఏడు కాకపోతే పది పెట్టు." నాన్న గొంతులో వెటకారం లేదు. మనసారా అంటున్నాడు. "షోరూము వాళ్ళకి సోమవారం చెప్పెయ్."

తమ్ముడు నీళ్ళు నమిలాడు. "ఉద్యోగం మానేస్తే ఎలా నాన్నా?"

"ఎలాగూ మానేసేదేగా. నువ్వే చెప్పావుగా, ఐదేళ్ళలో ఏడని."

తమ్ముడు అక్కవైపు చూశాడు. చిన్నప్పుడు గాజుగ్లాసు పగిలినప్పుడల్లా ఇలాగే చూసేవాడు, ప్రతిసారీ ఆమె ఏదో ఒకటి అల్లి చెప్పేది. ఇప్పుడూ నాలుక చివర ఏదో ఉంది. వాడి మొహం చూస్తే జాలేసింది కూడా. బల్ల అంచు గట్టిగా పట్టుకుని ఊరుకుంది.

"అది నా గోల్ కాదు నాన్నా," అన్నాడు వాడు, నేల చూస్తూ. "ఇంటర్వ్యూ కోసం చెప్పింది."

"ఏది కాదు?"

"లాండ్రీ. అదంతా అక్కది."

"ఏడు కౌంటర్లూ?"

"అక్కవే."

"రంగు చీటీలు?"

"అవీ అక్కవే నాన్నా."

నాన్న లేచి వెళ్ళి బాయిలరు ముట్టించాడు. అది వేడెక్కడానికి టైము పడుతుంది, అయినా దాని ముందే వీపు ఇటు తిప్పి నిలబడ్డాడు. ఈ మూడురోజులూ ఊళ్ళో వాళ్ళకి వేళ్ళు విప్పి చెప్పినవన్నీ ఆ వీపులో కనబడుతున్నాయి. పెద్దమ్మాయికి ఏడుపొచ్చింది. వాడిని ఆపి తనే చెప్పి ఉంటే ఈ మనిషి ఇంత చిన్నబోయేవాడు కాదు. మొదటిరోజే చెప్పి ఉంటే అసలే కాదు. అమ్మ వెళ్ళి షట్టరు పైకెత్తింది. వెలుతురు లోపలికొచ్చింది, బయట ఇద్దరు సంచులతో నిలబడి ఉన్నారు.

"ఒక్క నిమిషం ఆగండి," అన్నాడు నాన్న వాళ్ళతో. తిరిగొచ్చి పెద్దమ్మాయి ఎదురుగా నిలబడ్డాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఉతికేది ఒక్కచోటే అన్నావు కదా," అన్నాడు.

అన్నావు అన్నాడు. ఆమె బల్ల అంచు వదిలేసింది. "అవును."

"ఆ ఒక్కచోట మిషను ఆగిపోతే?"

ఇన్నాళ్ళలో ఆమె రంగుల గురించి ఆలోచించింది, బండి గురించి ఆలోచించింది, వానల్లో తడవకుండా మూటలకి ఏ గుడ్డ చుట్టాలో కూడా ఆలోచించింది. ఇది మాత్రం ఒక్కసారీ తట్టలేదు.

"ఏడూ ఆగిపోతాయి," అంది మెల్లగా.

"మరి?"

"తెలియదు నాన్నా. ఇలాంటివి తెలియకే ఆ కోర్సుకి వెళ్తానంటున్నా."

నాన్న కాలితో స్టూలు ఆమె వైపు జరిపి, ఇంకో స్టూలు మీద తను కూర్చున్నాడు.

"మొదట్నుంచీ చెప్పు," అన్నాడు. "వాడు చెప్పినట్టు కాదు."

ఆమె కూర్చోలేకపోయింది. నిలబడే మొదలుపెట్టింది.